లోతు వైపు కాపలా

ఈ కథ వారం వారం చదువుతున్నవాళ్ళకు రెండు మాటలు చాలు: ఆ శుక్రవారం వచ్చింది. కొత్తగా పేజీ తిప్పినవాళ్ళకు ఇంకొన్ని మాటలు కావాలి.

పిట్ట అనే తొమ్మిదేళ్ళ పిల్ల. ఇంట్లో పెట్టిన ముద్దుపేరు బడిలో కూడా అంటుకుంది. ఆ పిల్ల పుట్టాక ఉద్యోగం మానేసి ఇంట్లో ఉండిపోయిన తల్లి. బడి గేటు దగ్గర, మందుల షాపులో, మెట్ల మీద, ఆమె అందరికీ ‘పిట్ట వాళ్ళమ్మ’. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆమెను వాళ్ళమ్మ ఫోనులో ప్రతివారం ఒకటే అడిగేది: “ఈ వారం నీకోసం ఏం చేసుకున్నావే?” ఆమె పిట్ట కబుర్లు చెప్పి తప్పించుకునేది. వాళ్ళమ్మ పోయాక ఆ ప్రశ్న అడిగేవాళ్ళు లేరు. అప్పుడు ఆ ప్రశ్న బరువెక్కింది. ఈత నేర్చుకుంటానని, పూల్ వాళ్ళు పెట్టే రక్షణ పరీక్ష కూడా పాసవుతానని ఒకరోజు భోజనాల దగ్గర ఇంట్లోవాళ్ళకు చెప్పింది.

నేర్చుకుంది. పరీక్షకు వెళ్ళింది. లోతు వైపు అడుగున పడేసిన రబ్బరు ఇటుకను మునిగి పైకి తేవాలి. మొదటిసారి చెయ్యి అందలేదు. రెండోసారీ అందలేదు. “ఇంకోసారి వెళ్ళండి,” అంది కోచ్. ఆమె మెట్లెక్కి, తువ్వాలు తీసుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. దారిలో భర్త ఫోన్ చేశాడు. “అయిందా?” అన్నాడు. “అయింది,” అంది ఆమె. పరీక్ష ముగిసిందని ఆమె అంది. నెగ్గిందని అతను విన్నాడు. అవతల అతను పనిచేసే కళ్ళద్దాల షాపులో చప్పట్లు వినిపించాయి. ఆమె నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది.

అప్పటినుంచీ ఆ మాట అలాగే ఉండిపోయింది. ఇప్పుడు పిట్ట క్లాసువాళ్ళకు నీళ్ళ పాఠం. పరీక్ష నెగ్గిన తల్లులు ఇద్దరు గట్టు మీద కాపలా ఉంటే తప్ప పాఠం జరగకూడదని బడి నియమం. ఎవరి అమ్మ నెగ్గిందని క్లాసులో అడిగితే పిట్ట చెయ్యెత్తింది. క్లాస్ టీచరు ఫోన్ చేసి అడిగితే ఆమె సరేనంది.

*

“మీరు రావడం ఎందుకత్తయ్యా, ఆ మోకాళ్ళతో?” అంది ఆమె బస్సులో.

“మోకాళ్ళు ఇంట్లో ఉన్నా నొప్పే, పూల్ దగ్గరున్నా నొప్పే,” అంది అత్తగారు. “నా కోడలు ఈల మెళ్ళో వేసుకుని నిలబడుతుంటే నేను ఇంట్లో కూర్చుని కూరలు తరుక్కోవాలా?”

అత్తగారు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఇప్పటికీ బయటికి వెళితే జుట్టు బిగించి ముడి వేసుకుంటుంది, డ్యూటీకి వెళుతున్నట్టు. ఈత సంగతి మొదట చెప్పినప్పుడు అందరికన్నా ఎక్కువ నవ్వింది ఆవిడే. “నాకోసం ఒకటి అనుకున్నాను,” అని కోడలు అంటే, “ఏంటది, రెండో పిల్లా?” అంది. ఈత అని విన్నాక, “చలికాలం వస్తే స్నానానికి రెండు మగ్గుల నీళ్ళు చాలనేదానివి, నువ్వు పూల్లో దిగుతావా?” అంది. మర్నాడు పొద్దున ఆమె లేచేసరికి వంటింట్లో లైటు వెలుగుతోంది. అత్తగారు స్టవ్ ముందు స్టూలు వేసుకుని కూర్చుని పిట్ట లంచ్ డబ్బా కడుతోంది. “వెళ్ళు, వెళ్ళు. మునిగేదేదో టైముకి మునుగు,” అంది, వెనక్కి తిరక్కుండా. ఆ తర్వాత ఏ రోజూ మానలేదు.

ఆ స్టూలు ఆమెకు ఈ మధ్య తరచుగా గుర్తొస్తోంది. భర్తకు చెప్పిన అబద్ధం కన్నా, ఆ స్టూలు మీద కూర్చున్న వీపుకు చెప్పిన అబద్ధం ఎక్కువ గుచ్చుతోంది. రేపు చెబుదాం అనుకుంది. రేపు వచ్చాక పిట్ట నిద్రపోయాక చెబుదాం అనుకుంది. ఒకసారి కూరగాయలు కడుగుతూ, “అత్తయ్యా,” అంది. “ఊఁ?” అంది ఆవిడ. “కుళాయి కారుతోంది,” అంది ఆమె.

బస్సులో పక్క సీటులో ఎవరో పెద్దావిడ సంచి సర్దుకుంటోంది. అత్తగారు ఆవిడ వైపు వంగింది.

“మా కోడలండి. పూల్ దగ్గర పిల్లలు మునక్కుండా చూసే మనిషి.”

“అబ్బో,” అంది పెద్దావిడ. “అయితే మంచి ఉద్యోగమే.”

“ఉద్యోగం కాదండి. ఊరికే. తనకోసం నేర్చుకుంది.”

ఆ ‘తనకోసం’ అన్న మాటను అత్తగారు ఎంత గర్వంగా అందంటే, ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. అద్దంలో తన ముఖమే కనిపిస్తుంటే కళ్ళు దించుకుంది.

*

పూల్ దగ్గర క్లోరిన్ వాసన గేటు దాకా వచ్చింది. లోపల నీలం పలకలు, తడి చాపలు, గోడకు వేలాడదీసిన గాలి ట్యూబులు. పిల్లలు పసుపు టోపీలు పెట్టుకుని వరుసగా నిలబడ్డారు. టోపీలు పెట్టేసరికి అందరి ముఖాలూ ఒకలాగే అయిపోయాయి. పిట్టను వెతుక్కోవలసి వచ్చింది. చివరి నుంచి మూడో పిల్ల. తల్లిని చూసి చెయ్యి ఊపలేదు. కాలి బొటనవేలితో చాపను గీకుతోంది.

ఆమెకు పరీక్ష పెట్టిన కోచ్ ఆడవాళ్ళ బ్యాచికి మాత్రమే వస్తుంది. ఎప్పుడూ ఈల నోట్లోనే ఉంటుందని అందరూ ఈల మేడం అంటారు. ఈ రోజు ఉన్నది పిల్లల కోచ్. అతను ఆమెను ఎప్పుడూ చూడలేదు. నమస్కారం పెట్టి, “లోతు వైపు మీరేనా మేడం?” అని, జవాబు కోసం ఆగకుండా తాళ్ళు కట్టడానికి వెళ్ళిపోయాడు.

రెండో తల్లి పళ్ళ డాక్టరు. క్లినిక్కు సగం రోజు సెలవు పెట్టి వచ్చింది. తక్కువ లోతున్న వైపు గట్టు మీద నిలబడి భుజాలు తిప్పుతోంది.

“మీరుంటే ధైర్యంగా ఉంటుందండి,” అంది. “నాది ఏదో అలా బయటపడింది పరీక్ష. మీరు బాగా చేశారట కదా. మా వాడు చెప్పాడు, పిట్ట చెప్పిందట.”

ఆమె నవ్వింది. ఆ నవ్వు తనదేనని ఆమెకే అనిపించలేదు.

క్లాస్ టీచరు వచ్చి ఆమె చేతిలో ఈల పెట్టింది. ఎర్ర దారం, కొత్త ఈల. “మీరు ఒప్పుకోకపోతే ఈ క్లాసే లేదు మేడం,” అంది. “పోయిన ఏడాది పిల్లలకు జరగలేదు. మనుషులు దొరకలేదు.”

ఆమె ఈల మెళ్ళో వేసుకుంది. లోతు వైపు నడిచింది. గట్టు అంచున నిలబడి చూస్తే అడుగున పలకల గీతలు వంకరగా కదులుతున్నాయి. నీటి పైనుంచి అడుగు దగ్గరలోనే ఉన్నట్టు కనిపిస్తుంది. అది అబద్ధమని ఆమెకు తెలుసు. ఈ ఒక్కసారికి నిలబడి వచ్చేద్దాం అనుకుంది. ఏమీ జరగదు. పిల్లలందరికీ నడుముకు గాలి బెల్టులున్నాయి. తాడు దాటి ఇటు ఎవరూ రారు. గంట గడిస్తే చాలు. ఈ గంట గడిస్తే ఇక ఎవరూ ఏమీ అడగరు.

ఆ ఆలోచన నిజంగానే వచ్చింది ఆమెకు. దాన్ని తర్వాత చాలా కాలం మర్చిపోలేకపోయింది.

వరుస తాడు దాకా కదిలింది. ముందున్నది ముందు పళ్ళు ఊడిన పిల్ల. తల ఎత్తి ఆమె మెళ్ళో ఈలను చూసింది.

“ఆంటీ, నేను మునిగితే మీరు దూకుతారా?”

“మునగవమ్మా. బెల్టు ఉంది కదా.”

“బెల్టు ఊడిపోతే?”

“ఊడదు.”

“ఊడిపోయిందనుకోండి. నేను అడుక్కి వెళ్ళిపోయాననుకోండి. అక్కడికి.” పిల్ల వేలు పెట్టి చూపించింది. సరిగ్గా అక్కడే, అడుగున ఇటుక పడేసే చోటు. “అప్పుడు దూకి తెస్తారు కదా?”

పక్కనున్న పిల్లలు కూడా ఆమె వైపు చూశారు. వాళ్ళకు భయం లేదు. జవాబు తెలిసిన ప్రశ్న అడిగి వినడంలో పిల్లలకు ఒక సుఖం ఉంటుంది, ఆ సుఖం కోసం చూస్తున్నారు.

దూకుతాను అనాలి. ఒక్క మాట. ఆమె గొంతు దాకా వచ్చింది.

“ఒక్క నిమిషం ఆగు,” అంది. మెళ్ళోంచి ఈల తీసింది. దారం జుట్టులో చిక్కుకుంటే లాగేసి, తడి గట్టు మీద జారకుండా చూసుకుంటూ, క్లాస్ టీచరు దగ్గరికి నడిచింది.

*

“మేడం, ఒక్క మాట.”

“చెప్పండి. నీడ వైపు నిలబడతారా?”

“నేను ఆ పరీక్ష పాస్ కాలేదు.”

క్లాస్ టీచరుకు వెంటనే అర్థం కాలేదు. “సర్టిఫికెట్ ఇంకా రాలేదా? పరవాలేదు, తర్వాత ఇవ్వండి.”

“రాదు మేడం. అడుగు నుంచి ఇటుక తేలేకపోయాను. ఇంకోసారి వెళ్ళమంటే వెళ్ళకుండా బయటికొచ్చేశాను. నెగ్గానని ఇంట్లో అనుకున్నారు. నేను కాదనలేదు. మీరు ఫోన్ చేసినప్పుడు కూడా చెప్పలేదు.”

అన్నీ వరసగా చెప్పింది. చెప్పడం ఇంత తేలికా అనిపించింది. తేలికైన పనిని ఇన్ని రోజులు చెయ్యలేదన్నది ఆ వెంటనే తెలిసింది. సిగ్గు చెవుల దగ్గర మొదలై మెడ మీదికి దిగింది.

క్లాస్ టీచరు కళ్ళజోడు తీసి పైట అంచుతో తుడిచింది. మళ్ళీ పెట్టుకుంది. “కాగితం చూపించమని నేను అడగాల్సింది,” అంది. “పళ్ళ డాక్టరు గారిని అడిగాను. మిమ్మల్ని అడగబుద్ధి కాలేదు. రోజూ గేటు దగ్గర చూస్తూనే ఉంటాను కదా అనుకున్నాను.”

తిట్టి ఉంటే బాగుండేది.

వెనక ప్లాస్టిక్ కుర్చీ చప్పుడైంది. అత్తగారు లేచి నిలబడింది. అంత దూరం నుంచి వినపడదనుకుంది ఆమె. ఆసుపత్రి వార్డుల్లో బతికిన చెవులవి.

“అయిందన్నావు కదే,” అంది అత్తగారు.

“అయిందనే అన్నాను అత్తయ్యా. నెగ్గానని అనలేదు.” అన్న తర్వాత ఆ మాట తనకే ఎంత నీచంగా వినపడిందో ఆమె ముఖం చెప్పింది.

అత్తగారు ఆ నొప్పి మోకాళ్ళతోనే గట్టు మీద మెల్లగా నడిచి దగ్గరికొచ్చింది.

“మా వార్డులో ఆ మాట అననిచ్చేవాళ్ళు కాదు,” అంది. “ఆపరేషన్ థియేటర్ బయట చుట్టాలు నిలబడతారు చూడు. తలుపు తీసుకుని మేం బయటికి రాగానే ‘అయిందా సిస్టర్’ అంటారు. అయింది అంటే బతికాడనుకుని దణ్ణం పెట్టేవాళ్ళుంటారు. పోయాడనుకుని కూలబడేవాళ్ళుంటారు. అందుకని కొత్తగా వచ్చిన అమ్మాయిలకు మొదటి రోజే చెప్పేవాళ్ళం. ఏం జరిగిందో అది చెప్పు, ‘అయింది’ అని మాత్రం అనకు అని.” ఆవిడ గొంతు పెరగలేదు. “నాతో చెబితే ఏం చేసేదాన్ననుకున్నావు? వంట మానేసేదాన్నా?”

“అందుకే చెప్పలేకపోయానత్తయ్యా. మీరు మానరని తెలుసు.”

ఆమె తల్లి పోయిన రోజు కూడా ఎవరో ‘అయింది’ అనే అన్నారు, ఆసుపత్రి వరండాలో. ఆమె ఆ రోజు ఒక క్షణం పాటు దాన్ని శుభవార్తగా విన్నది. ఆ క్షణం గురించి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడూ చెప్పలేదు.

*

క్లాస్ టీచరు పిల్లల వైపు తిరిగింది. “పిల్లలూ, ఈ రోజు నీళ్ళలో దిగడం లేదు. కాపలాకి ఒకరు తక్కువయ్యారు. ఇంకో రోజు...”

మాట పూర్తికాలేదు. పసుపు టోపీల మధ్య గొడవ లేచింది. “మేడం, ఇద్దరున్నారు కదా,” “పిట్ట వాళ్ళమ్మ ఉంది కదా,” అని ఎవరో అన్నారు. అందరి కళ్ళూ ఆమె మీదికి, ఆమె మెడ మీదికి వచ్చాయి. అక్కడ ఈల లేదు.

వరుసలోంచి పిట్ట బయటికొచ్చింది.

“మా అమ్మ పాసైంది మేడం,” అంది.

“పిట్టా, నువ్వు లోపలికి...”

“నేను చూశాను. ఆ రోజు నేనూ వచ్చాను. అమ్మ అడుగుదాకా వెళ్ళి ఇటుక తెచ్చింది. చాలాసేపు కనిపించలేదు. తర్వాత నీళ్ళలోంచి ముందు చేతులొచ్చాయి. ఇలా.” పిట్ట రెండు చేతులూ తల మీదికెత్తి, లేని ఇటుకను పట్టుకుని చూపించింది. “తర్వాత తలొచ్చింది. జుట్టంతా ముఖం మీదుంది. ఈల మేడం చప్పట్లు కొట్టింది.”

పిల్ల ఎంత వివరంగా చెప్పిందంటే, ఆమెకు కూడా కనిపించింది. నీళ్ళలోంచి లేచిన తన చేతులు, వాటి మధ్య నల్లటి ఇటుక. ఇన్ని వారాల్లో ఎప్పుడూ అంత స్పష్టంగా తనను తాను చూసుకోలేదు.

“పిల్ల చూశానంటోంది మేడం,” అంది క్లాస్ టీచరు, మెల్లగా. టీచరు గొంతులో ఆశ ఉంది. “మీరు కంగారుపడుతున్నారేమో.”

“మొదటిసారి నాకూ కాళ్ళు వణికాయండి,” అంది పళ్ళ డాక్టరు దూరం నుంచి. “నిలబడితే అదే పోతుంది.”

తలుపు తెరిచే ఉంది. ఔనని తల ఊపి, సిగ్గుపడి నవ్వి, ఈల మళ్ళీ మెళ్ళో వేసుకుంటే సరిపోతుంది. పిల్లలు నీళ్ళలో దిగుతారు. పిట్ట గెలుస్తుంది. కాదంటే, ఇందరి ముందు అబద్ధం ఆడింది ఎవరో తేలిపోతుంది. ఇప్పటిదాకా ఆ పని చేసింది తనొక్కతే. ఇప్పుడు ఇద్దరయ్యారు, రెండో మనిషి ఇంకా చేతులు పైకెత్తే ఉంచింది.

ఆమె కూతురి వంక చూసింది. పిట్ట కళ్ళు ఆర్పకుండా చూస్తోంది. ఊఁ అను అమ్మా, అంటున్నాయి ఆ కళ్ళు.

“పిట్ట చూడలేదు మేడం,” అంది ఆమె. “పరీక్ష జరిగిన పూట పిట్ట బడిలో ఉంది. మీ క్లాసులోనే.”

పిట్ట చేతులు కిందికి దిగాయి. ఒకటి ముందు, ఒకటి తర్వాత.

తర్వాత వరుస మధ్యలో ఎవరో సన్నగా, “అబద్ధాలపిట్ట,” అన్నారు. ఎవరో నవ్వారు. మాట వరుస చివరిదాకా పాకింది. అబద్ధాలపిట్ట, అబద్ధాలపిట్ట. క్లాస్ టీచరు గట్టిగా చప్పట్లు కొట్టి ఆపింది. ఆగింది కానీ, సోమవారం బడిలో ఆ మాట మళ్ళీ లేస్తుందని అక్కడున్న పెద్దలందరికీ తెలుసు.

పిల్లలు తడవని టోపీలు తీసేసి, యూనిఫారాలు తొడుక్కోవడానికి లోపలికి వెళ్ళారు. పిల్లల కోచ్ కట్టిన తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు. పళ్ళ డాక్టరు ఫోన్ తీసి, “మధ్యాహ్నం వాళ్ళని రమ్మనండి, నేను వచ్చేస్తున్నా,” అంది. కోపం లేదు ఆ గొంతులో. పోతూ పోతూ ఆమె భుజం మీద చెయ్యి వేయబోయి, వెయ్యకుండా వెళ్ళింది.

*

బట్టలు మార్చుకునే గది చివర బెంచీ మీద పిట్ట ఒక్కతే కూర్చుంది. మిగతా పిల్లలు బస్సు దగ్గరికి వెళ్ళిపోయారు. పిట్టను అమ్మతో పంపిస్తానని క్లాస్ టీచరు అంది. పిట్ట టోపీ తీయడానికి లాగుతోంది. రబ్బరు జుట్టును పట్టుకుని వదలడం లేదు.

ఆమె వెళ్ళి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. వెనక నుంచి వేళ్ళు దూర్చి టోపీ వదులు చేసింది. పిట్ట వద్దనలేదు. తల మాత్రం పక్కకు తిప్పుకుంది. అత్తగారు గుమ్మం దగ్గర గోడకు ఆనుకుని నిలబడింది.

“నామీద కోపమా?”

పిట్ట టోపీ లాగేసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

“చెప్పకపోవడం నా తప్పు పిట్టా. నీకూ చెప్పలేదు. నువ్వు బడిలో అందరికీ గొప్పగా చెప్పుకున్నావు. నా మాట నమ్మి చెయ్యెత్తావు. నీకు అబద్ధమాడే పని నేనే పెట్టాను.”

“నమ్మి ఎత్తలేదు,” అంది పిట్ట.

“ఏంటి?”

“నువ్వు పాస్ కాలేదని నాకు తెలుసు.” పిట్ట టోపీని రెండు చేతుల్తో పిండుతోంది, తడి లేకపోయినా. “అందుకే చెయ్యెత్తా. టీచర్ నిన్నడుగుతుంది కదా. అప్పుడు నువ్వు కాదంటావనుకున్నా. నువ్వు సరేనన్నావు.”

పిట్ట జుట్టు సర్దుతున్న ఆమె చేతులు ఆగిపోయాయి.

“మరి ఇప్పుడెందుకు చూశానన్నావు?”

“అందరూ నీ వంక చూస్తున్నారు,” అంది పిట్ట. “నీ మెడ ఎర్రగా అయిపోయింది. నాకు నచ్చలేదు.”

గుమ్మం దగ్గర అత్తగారు గొంతు సవరించుకుంది.

“నీకెవరు చెప్పారు?” అంది ఆమె. “పాస్ కాలేదని.”

పిట్ట నానమ్మ వంక చూసింది. అమ్మ వంక చూసింది. చెప్పాలా వద్దా అని తూచుకుంటున్న చూపు అది. ఆ చూపు కూడా తననుంచే వచ్చిందని ఆమెకు తెలిసింది.

“ఆ రోజు నాన్న నన్ను బడి నుంచి తీసుకుని ఇక్కడికొచ్చాడు. కేకు కొన్నాడు నీకు. నువ్వప్పటికే వెళ్ళిపోయావు. ఈల మేడం చెప్పింది. మీ ఆవిడ ఇటుక తేలేదు, మెట్లెక్కి వెళ్ళిపోయింది, మళ్ళీ రమ్మని చెప్పండి అంది.”

“నాన్నకి తెలుసా?”

“ఊఁ.”

“ఆ రోజు నుంచీనా?”

“ఊఁ. కేకు బయటే పారేద్దామా అన్నా నేను. వద్దు, ఇంటికి తీసుకెళ్దాం, అమ్మనేమీ అడగొద్దు అన్నాడు.”

ఆ సాయంత్రం ఆమె చాలాసేపు వీధులు తిరిగి ఇంటికి చేరింది. అప్పటికే బల్ల మీద కేకు ఉంది. భర్త మొదటి ముక్క కోసి ఆమె నోట్లో పెట్టాడు. పెడుతున్నప్పుడు ఆమె కళ్ళలోకి చూడలేదు. పగలంతా సన్నటి అక్షరాల కేసి చూసిన కళ్ళు, అలిసిపోయాడు అనుకుంది ఆమె. తియ్యగా ఉందని చెప్పింది కూడా. పిట్ట మాత్రం తినలేదు. కడుపు నొప్పి అంది.

తను వాళ్ళను మోసం చేస్తున్నాననుకుని ఇన్ని వారాలు తల దించుకుంది. ఆ బల్ల దగ్గర కూర్చున్న తండ్రీకూతుళ్ళు అంతకుముందే తెలుసుకుని, ఆమె మింగడం చూశారు.

“అయితే నాకు తప్ప ఇంటిల్లిపాదికీ తెలుసన్నమాట,” అంది అత్తగారు. “నా కొడుకు నా ముందు కూర్చుని, నీ కోడలు చేప అమ్మా, చేప, అన్నాడు. వాడికి చిన్నప్పుడు సరిగ్గా దెబ్బలు తగల్లేదు.”

ఆమెకు నవ్వు రాలేదు. ఇంకో ప్రశ్న లోపల నిలబడింది. అడగకూడదనిపించింది. అడిగింది.

“నేను ఈ రోజు ఇక్కడ కాపలాకి వస్తున్నానని నాన్నకి చెప్పావా?”

“చెప్పా.”

“ఏమన్నాడు?”

“అమ్మే చెప్పేస్తుందిలే, ఆగు అన్నాడు.”

“చెప్పకపోతే?”

“చెప్పకపోతే నేనొచ్చి ఏదో ఒకటి చేస్తాలే అన్నాడు.” పిట్ట ముక్కు తుడుచుకుంది. “రాలేదు.”

అత్తగారు గోడ వదిలి నిటారుగా నిలబడింది. ముందు పళ్ళు లేని పిల్ల వేలు పెట్టి చూపిన చోటు కోడలి కళ్ళ ముందు కదిలింది. గంట గడిస్తే చాలు అని తను అనుకుంది. తను సిగ్గుపడకూడదని అతను కూడా అదే అనుకున్నాడా? నీళ్ళ అంచున అంతమంది పిల్లల్ని పెట్టి, తన భార్య ఎప్పుడు నోరు తెరుస్తుందా అని షాపులో కూర్చుని ఎదురుచూశాడా? ఆమె అతని ముందు దోషిలా నిలబడటానికి ఇందాకటి నుంచీ మాటలు కూర్చుకుంది. ఆ మాటలిప్పుడు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. సిగ్గు పోలేదు. కానీ అది ఇక ఆమె ఒక్కదానిదే కాదు.

“లే,” అంది పిట్టతో. “ఇంటికెళ్దాం.”

ముగ్గురూ బయటికొచ్చారు. ఎండ నీళ్ళ మీద పడి కళ్ళలో కొట్టింది. పూల్ ఖాళీగా ఉంది. గట్టు మీద చాపలు చుట్టి పెట్టారు.

గేటు దగ్గర భర్త కనిపించాడు. గబగబా వస్తున్నాడు. షాపులో వేసుకునే తెల్లకోటు కూడా విప్పలేదు, జేబులో లెన్సు తుడిచే గుడ్డ వేలాడుతోంది. ఖాళీ పూల్ చూసి నడక తగ్గించాడు. ముఖం మీదికి ఒక నవ్వు తెచ్చుకున్నాడు.

ఆమె అతన్నే చూస్తోంది. అతను ముందు ఆమె వంక చూడలేదు. కూతురి వంక చూశాడు. కనుబొమలు కొద్దిగా పైకి లేపాడు, నాకు తెలుసని చెప్పేశావా అన్నట్టు.

పిట్ట చెయ్యి ఆమె చేతిలోనే ఉంది. ఆ చెయ్యి కదల్లేదు. తల మాత్రం కదిలింది, ఇటూ అటూ, చాలా కొద్దిగా.

లేదు.

అతని భుజాలు కిందికి దిగాయి. అప్పుడు భార్య వైపు తిరిగాడు.

“ఏంటి, ఎవరూ నీళ్ళలో దిగలేదా?” అన్నాడు, ఏమీ తెలియనట్టు.